మూరెడు దూరం

1961 జనవరి 9, సోమవారం

నోటితో అంటే రెబెక్కమ్మ వింటుంది. అందుకే రాస్తున్నాను. ఎవరో మెంబరు క్రిస్మస్‌కి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ బియ్యం డబ్బా మీద మూతగా పడి ఉంది. నాకు రాత సరిగా రాదు. రాకపోతే ఏం, చదివేది నేనే.

ఈరోజు సెక్రటరీ పద్మనాభయ్య గారు కారు దిగి, గ్రౌండంతా ఒక చుట్టు తిరిగి, నన్ను షెడ్డు దగ్గరికి పిలిచారు.

"పరంజ్యోతీ, నీకు వయసయిపోయినాది. కమిటీలో అందరూ అదే అంటుండారు. మనుబోలు రమణయ్య అని ఒకడుండాడు, మదరాసులో ఆట నేర్చినాడు. మార్చి నుంచి వాణ్ణి మార్కరుగా పెట్టుకుందామనుకుంటుండాం."

జువ్వలదిన్నె ఇసకలో దొరలు ఈ గోల్ఫు గ్రౌండు వేసిన రోజు నుంచీ మార్కరుని నేనే. మెంబర్లకి కర్ర పట్టుకోవడం నేర్పింది నేను. విరిగిన కర్రలు అతికింది నేను. దొరలు పోయారు, మైకా సావుకార్లు వచ్చారు, ఆఫీసర్లు వచ్చారు. నేను ఉన్నాను. షెడ్డు పక్కన రెండు గదుల ఇల్లు మార్కరుది. మార్కరు మారితే ఇంట్లో మనిషీ మారతాడు.

"ఎందుకని?" అన్నాను.

"క్రిస్మస్ ఆటలో అంతమంది అతిథుల ముందర, గుంటకి మూరెడు దూరంలో బంతి పెట్టుకోని తప్పినావు."

"గాలి అండి."

"నేల మీద బంతికి గాలేందయ్యా?"

ఒళ్లు మండింది. "అయితే ఆ రమణయ్యని తెచ్చి నాతో ఆడించండి" అన్నాను.

"వచ్చే నెల మదరాసులో మార్కర్లకి, సంచులు మోసే కాడీలకి టోర్నమెంటు పెడుతుండారు. వాడు ఎట్టాగూ ఆడుతుండాడు. నువ్వూ పో. రెండ్రోజుల ఆట. మీ ఇద్దరిలో ఎవురు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాడే మార్కరు."

సరే అన్నాను. ఆలోచించకుండా అన్నాను. ఆలోచించి ఉన్నా సరే అనేవాణ్ణే.

రెబెక్కమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండా విన్నది. "ఇల్లు పందెం పెట్టి వచ్చినావా?"

"పందెం కాదు మే. ఆట."

"సిలువ కింద ప్రభువు బట్టలకి సిపాయిలు ఆడింది కూడా ఆటే."

జనవరి 11

తెల్లవారగానే మొదలుపెట్టాను. ఒళ్లంతా ఇరవై ఏళ్ల వాడిలా ఉంది. ఇక్కడ సముద్రం గాలికి బంతిని ఎత్తితే అది పోయి కాలవలో పడుతుంది. నేను మనిషెత్తు దాటనివ్వను. ఇవాళ ఒక్కొక్కటీ తాడు కట్టి లాగినట్టు పోయింది. సరుగుడు తోపులో పుల్లలు ఏరే ఆడవాళ్లు కూడా ఆగి చూశారు. రమణయ్య చూడాల్సింది.

దగ్గర దెబ్బలే కొంచెం. మాకు గడ్డి లేదు. గుంట చుట్టూ పాత మోటారు నూనె కలిపిన ఇసక పరిచి ఉంటుంది, దాన్ని బ్రౌను అంటారు. మనిషి నడిస్తే అడుగులు పడతాయి. అందుకని కొట్టబోయే ముందు బంతి నుంచి గుంట దాకా బద్దతో ఈడ్చి దారి సాపు చేసుకుంటాం. పై ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వితే నవ్వారు, ఇది మా పద్ధతి.

ఇవాళ నూనె సరిగా కలవలేదు. మూరెడు దూరంవి చాలా తప్పాయి. ఇసక తప్పు.

జనవరి 12

గాలి.

జనవరి 13

పీత బొక్క. గుంట పక్కనే. అందుకే బంతి వంగింది. పూడ్చాను.

జనవరి 16

రెబెక్కమ్మ గంజి తెచ్చి, ఇచ్చి పోకుండా ఇసకలో కూర్చుంది. పొమ్మన్నాను. పోలేదు. మూరెడు దూరంలో బంతులు పెట్టి కొడుతున్నాను. ఆమె చూస్తూ ఉంది.

"నీ కుడి చెయ్యి ఎగురుతుండాది" అన్నది.

"నోరు ముయ్."

"దూరంవి కొట్టేటప్పుడు ఎగరడం లా. దగ్గరకొచ్చేతలికి ఎగురుతుండాది. మెడ పట్టుకుంటే కోడి ఎగరదా, అట్ట."

"ఈ ఆట గురించి నీకేం తెలుసు?"

"ఆట తెలీదు. ఆ చెయ్యి తెలుసు. నలభై ఏళ్ల నుంచీ దానికి అన్నం పెడుతుండా."

అంతటితో ఊరుకుంటే రెబెక్కమ్మ ఎందుకవుతుంది. "పక్కకి తిరిగి నిలబడతావు. మెడ తిప్పి గుంటని చూస్తావు. మళ్లా కిందకి చూస్తావు. మళ్లా చూస్తావు. ఈలోపల చేతికి బయం పట్టుకుంటది. ఎదురుగా నిలబడి, గుంటని చూస్తా కొట్టరాదా? రోట్లో పోటు వేసేటప్పుడు నేను పక్కకి తిరిగి వేస్తానా?"

"అట్ట కాళ్ల మధ్యలోంచి కొడితే జనం నవ్వుతారు."

"తప్పితే నవ్వడం లేదా?"

గంజి తాగకుండా పంపించేశాను. తర్వాత ఆకలేసింది.

జనవరి 17

చెయ్యి ఎగరడం లేదు.

జనవరి 18

చెయ్యి ఎగరడం లేదు. ఇవాళ కావాలని చూశాను.

జనవరి 21

మధ్యాహ్నం గ్రౌండులో కాకి కూడా లేదు. ఊరికే, ఎట్లా ఉంటుందో చూద్దామని ఎదురుగా నిలబడ్డాను. కాళ్లు ఎడంగా పెట్టి, బంతిని మధ్యలో పెట్టుకున్నాను. దగ్గర దెబ్బలకి వాడే చిన్న కర్రకి మెడ వంపుగా ఉంటుంది కదా, నిటారుగా పట్టుకుంటే దాని ముఖం నేలకి ఆనదు. కొట్టడానికి లేదు. అదే మంచిదయింది అనుకున్నాను.

అనుకుని, పాత చిన్న కర్ర ఇంకొకటి తీసుకుని బోగోలు కమ్మరి దగ్గరికి పోయాను. కొలిమిలో పెట్టి మెడ సాపు చేయించాను. ఎందుకని వాడు అడిగాడు. వంగిపోయింది అన్నాను.

రెబెక్కమ్మ ఆ కర్రని చూసింది. ఏమీ అనలేదు. రాత్రి కంచంలో చేప ముక్క ఒకటి ఎక్కువ పడింది. నేనూ ఏమీ అనలేదు.

జనవరి 22, ఆదివారం

బంతి ముట్టుకోలేదు. ఆరాధనలో కూర్చున్నంతసేపూ చాప మీద గీతల వెంట దెబ్బలు కొట్టాను. మనసుతోనే. అన్నీ పడ్డాయి. పాస్టరు గారు దేని మీద ప్రసంగం చేశారో రెబెక్కమ్మ అడిగింది. ఓర్పు మీద అన్నాను. కాదంట.

ఫిబ్రవరి 4

పడుతున్నాయి. ఎదురుగా నిలబడితే చాలు, గుంట దగ్గరికి వచ్చి నోరు తెరిచినట్టు ఉంది. పొద్దున్నుంచి ఒక్కటి తప్పలేదు. కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. వల బాగుచేసుకుంటున్న వాడెవడో ఏమైంది పెద్దాయనా అని పరిగెత్తుకొచ్చాడు. తేలు అని చెప్పాను.

అయినా ఇది ఇక్కడి మాట. మదరాసులో అంతమంది మధ్య అట్లా నిలబడే ఖర్మ నాకేం పట్టలేదు. ఆ కర్రని సంచిలో అడుగున పెట్టాను. అవసరం రాదు. ఉంటే ఉంటుందని పెట్టాను.

ఫిబ్రవరి 15, బుధవారం

బిట్రగుంటలో రైలెక్కాను. రెబెక్కమ్మ ఎండు చేపలు వేయించి, పెరుగన్నం, నిమ్మకాయలు మూట కట్టింది.

"గెలవాలని ప్రార్థన చెయ్యనా?" అన్నది.

"నా సంగతి నేను చూసుకుంటా. వాడు ఓడాలని చెయ్యి."

"అట్టాంటి ప్రార్థన ఉండదయ్యా."

"దావీదు చేసినాడు. కీర్తనల్లో ఉండాది. చూసుకో."

ఆమె నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకి తిప్పుకుంది. రైలు కదిలింది. నాకు ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉంది. ఎందుకో తెలియదు. ఇల్లు పోవచ్చు. అయినా సంతోషంగానే ఉంది.

ఫిబ్రవరి 16

చర్చి వాళ్ల ఇంట్లో దిగాను. పొద్దున్నే గ్రౌండు చూశాను. గుంటల చుట్టూ గడ్డి. గడ్డి అంటే గొడ్లు మేసేది కాదు, రంపం పెట్టి కోసినట్టు ఒకే ఎత్తున. చెప్పులు విప్పి నడిచాను. కాలి కింద తడిగా, చల్లగా ఉంది. చదును కూడా కాదు, ఒక పక్కకి వాలి ఉంది. ఇక్కడ బంతి ఏ దారిన పోతుందో దానికే తెలియాలి. గుండె కొట్టుకుంది. కొట్టుకోవాలి, ఆట కదా.

వెనక నుంచి ఎవరో "పరంజ్యోతన్నా, నువ్వేనా?" అన్నారు. బక్క మనిషి, నల్లటి మీసం. "నేను రమణయ్యని. మనుబోలోణ్ణి."

"నా ఇల్లు చూసినావా?" అన్నాను.

"చూళ్లేదన్నా. రెండు గదులంట గదా."

"వానొస్తే వెనక గది కారుతుంది."

"కప్పించుకుంటాలే అన్నా."

నవ్వకూడదనుకున్నాను. కొంచెం నవ్వొచ్చింది. సైదాపేటలో ఒక్క గదిలో పెళ్లాం, పిల్లలు, తల్లి అందరూ ఉంటారంట. అయితే నాకేం. రేపు చూసుకుందాం.

ఫిబ్రవరి 17, శుక్రవారం

బల్ల దగ్గర కూర్చున్నాయన నా పేరు గట్టిగా పిలిచి, నెల్లూరు అన్నాడు. జువ్వలదిన్నె అనడం ఆయన నోటికి తిరగలేదు. నేనే అన్నాను గట్టిగా. మొదటి దెబ్బ కొట్టాను. బంతి మనిషెత్తున పోయి, నేల తగిలి, ఇంకా పోయింది, ఇంకా పోయింది. ఇక్కడ దానికి ఎదురుగా సముద్రం గాలి లేదు కదా. చూసేవాళ్లు ఓహో అన్నారు. ఈ ముసలాయనెవరు అని అడగడం నా చెవిన పడింది. ఛాతీ ఇంత అయింది.

గుంట దాకా నన్ను మించినవాడు లేడు. గుంట దగ్గరికి వచ్చాక మూరెడు దూరంవి తప్పాయి. ఒకటి కాదు.

గడ్డి తప్పు కాదు. వాలు తప్పు కాదు. గాలి లేదు.

రమణయ్య నాకంటే మూడు దెబ్బలు తక్కువలో ఉన్నాడు. రేపు ఇద్దరం కలిసి నడుస్తూ ఆడేట్టు ఒకే జట్టులో వేశారు. పద్మనాభయ్య గారు కారులో వచ్చారు. "పరంజ్యోతీ, వయసుని ఒప్పుకోవడంలో తప్పేం లేదయ్యా" అన్నారు. నేను భోజనానికి పోలేదు. సంచిలో అడుగున ఉన్న కర్ర తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. మళ్లీ తీశాను.

ఫిబ్రవరి 18, శనివారం

రైల్లో రాస్తున్నాను. కుదుపుకి అక్షరాలు గంతులేస్తున్నాయి. మొత్తం రాయకపోతే నిద్ర పట్టదు.

మొదటి గుంట దగ్గర, మూరెడు దూరంలో బంతి. సాపు చేయించిన కర్ర తీశాను. కాళ్లు ఎడంగా పెట్టి గుంటకి ఎదురుగా నిలబడ్డాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. అది మామూలు నవ్వు కాదు. ఒకడు అరవంలో, తాతా వడ్లు దంచుతున్నావా అన్నాడు. పద్మనాభయ్య గారు ముఖం అటు తిప్పుకున్నారు. నా చెవులు కాలిపోయాయి. ముప్పై ఏళ్లు మార్కరుగా బతికిన మనిషిని, గుమ్మంలో చీపురు పట్టుకున్నట్టు నిలబడ్డాను.

కొట్టాను. పడింది.

రెండో గుంట దగ్గర మళ్లీ నవ్వారు. పడింది. మూడోదాని దగ్గర కొందరే నవ్వారు. అయిదారు గుంటలు అయ్యేసరికి వేరే జట్ల వెనక ఉన్న జనం కూడా వచ్చి చేరారు. నవ్వడానికి వచ్చినవాళ్లు పందేలు కాస్తున్నారు. ఆ అరవాయనే, తాతా దంచు అంటున్నాడు. నేను దంచాను. నా కాళ్లు నేలకి ఆనడం లేదు. ఒక్కొక్క దెబ్బా తగ్గిస్తూ వచ్చాను. మూడు గుంటలు మిగిలి ఉండగా రమణయ్యకంటే రెండు దెబ్బలు తక్కువలో ఉన్నాను.

అక్కడ చేశాను ఆ పని.

గుంటకి నాలుగు బారల దూరంలో బంతి. జనం నా కోసం ఊపిరి బిగబట్టారు. నేను ఉషారుగా పోయి, కర్ర వెనక వైపు తిప్పి, బంతి నుంచి గుంట దాకా దారంతా ఈడ్చాను. చక్కగా, తిన్నగా, మా బ్రౌను మీద బద్ద ఈడ్చినట్టు. సగం పోయాక చూసుకున్నాను. కింద ఇసక లేదు.



"అన్నా, ఏం చేసినావు?" అన్నాడు రమణయ్య. మెల్లగా అన్నాడు. "గడ్డి మీద దారి ముట్టకూడదు గదా. రెండు దెబ్బలు పడతాయి."

"తెలుసు" అన్నాను. వాడు చెప్పకపోయినా నేనే చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణే.

చివరికి లెక్క చూస్తే ఇద్దరివీ సమానం. టోర్నమెంటులో ఎవరు గెలిచారో నేను అడగలేదు, ఎవరో కోయంబత్తూరు మనిషి. పద్మనాభయ్య గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకొక్క గుంట ఆడండి. ఇంకా పొద్దుండాది" అన్నారు.

ఆ ఒక్క గుంట ఆడటానికి నడుస్తుంటే నేనూ వాడూ పక్కపక్కనే ఉన్నాం. వాడి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"సైదాపేటలో అద్దె ఎంత?" అన్నాను.

"ఇప్పుడా అన్నా అడిగేది?"

"నీ గుండె జారతుందేమోనని."

"నీది జారలేదా?"

"జారింది" అన్నాను. ఇద్దరం నవ్వాం.

గుంట దగ్గరికి ఇద్దరం సమాన దెబ్బల్లోనే చేరాం. నాది దూరం, అందుకని ముందు నేను కొట్టాను, మూరెడు దూరంలో ఆగిపోయింది. వాడిది ముందే మూరెడు దూరంలో ఉంది. అది పడితే ఇల్లు వాడిది. రెబెక్కమ్మ, పొయ్యి, గోడ మీద వాక్యం పటం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు కదిలాయి. వాడు పక్కకి తిరిగి నిలబడ్డాడు. మెడ తిప్పి గుంటని చూశాడు. కిందకి చూశాడు. మళ్లీ చూశాడు. మళ్లీ చూశాడు.

కుడి చెయ్యి ఎగిరింది.

జనం అయ్యో, తొందరపడ్డాడు అన్నారు. అది తొందర కాదు. నేను చూశాను. బంతి గుంట అంచు మీదుగా దాటి, వచ్చిన దూరానికి రెట్టింపు పోయింది. ఇప్పుడు దూరం వాడిదే, మళ్లీ వాడే కొట్టాలి. ఈసారి చెయ్యి ఇంకా ఎక్కువ ఎగిరింది. తప్పింది.

నా వంతు. ఎదురుగా నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. గుంటని చూస్తూ కొట్టాను. బంతి లోపల పడిన చప్పుడు విన్నాను. అంతే, తర్వాత అందరూ నన్ను కుదిపేశారు. అరవాయన నా తలపాగా లాక్కుని తను చుట్టుకున్నాడు.

పద్మనాభయ్య గారు వచ్చి, "నువ్వే మార్కరు. మాట మాటే" అన్నారు. కొంచెం ఆగి, "కాని పరంజ్యోతీ, మెంబర్లకి మాత్రం అట్ట నిలబడటం నేర్పబాకయ్యా. పరువు తక్కువ" అన్నారు.

"మూరెడు దూరంలో తప్పినవాళ్లు అడిగితే నేర్పుతా" అన్నాను. "పరువుండేవాళ్లకి నేర్పను."

సాయంత్రం సెంట్రల్ స్టేషనుకి రమణయ్య వచ్చాడు. నా సంచి వాడే మోసుకొచ్చాడు. వద్దన్నాను, వినలేదు. రైలుకి ఇంకా టైముంది. బెంచీ మీద కూర్చుని, మిగిలిన ఎండు చేపలు, చర్చి వాళ్లు కట్టిచ్చిన పెరుగన్నం వాడికి సగం పెట్టాను. చేపలు తిన్నాడు, అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఏందన్నా?"

"చెయ్యి."

వాడు తల ఎత్తలేదు. "మూడేళ్లు" అన్నాడు. "ఎవురికీ చెప్పలా. నా పెళ్లానికి కూడా. ఒగసారి ఎండ అంటా, ఒగసారి కర్ర మంచిది కాదంటా. పొద్దున లేస్తానే చెయ్యే చూసుకుంటా."

"నీ వయసెంత?"

"ముప్పై ఆరు."

ముప్పై ఆరేళ్ల వాడికి ఎగురుతుంది. నేను ఇన్నాళ్లూ అది ముసలితనం అనుకున్నాను. ముసలితనం అయితే ఒప్పుకోకూడదు అనుకున్నాను.

"నాకు నాలుగేళ్లు" అన్నాను. ఈ మాట ఈ పుస్తకంలో కూడా రాయలేదు. రెబెక్కమ్మ ముఖం మీద చెప్పినా ఒప్పుకోలేదు. మనుబోలు వాడికి మదరాసు స్టేషన్లో చెప్పాను.

జాలి పడలేదు. మార్కరు పని నేర్పడం. మూటలోంచి నిమ్మకాయ తీసి కింద పెట్టాను. నా ఎడమ చెప్పు విడిచి అవతల పెట్టి, అదే గుంట అన్నాను. సాపు చేసిన కర్ర వాడి చేతిలో పెట్టాను.

"లెయ్. ఎదురుగా నిలబడు. కాళ్లు ఎడంగా."

"ఇక్కడా అన్నా? జనం చూస్తుండారు."

"చూడనీ. పొద్దున్నుంచి నన్ను చూళ్లేదా?"

లేచాడు. పంచె ఎగదోపుకుని నిలబడ్డాడు. కూలీలు పెట్టెలు మోసుకుంటూ తిట్టుకుంటూ పక్కనుంచి పోతున్నారు. మొదటిసారి చెయ్యి ఎగిరింది, నిమ్మకాయ పోయి ఒక పెద్దావిడ పరుపుచుట్టకి తగిలింది. ఆమె ఏదో అన్నది. మళ్లీ తెచ్చాడు. "చెప్పునే చూడు. కర్రని చూడబాక. చేతి సంగతి చెయ్యి చూసుకుంటది" అన్నాను. కొట్టాడు. తగిలింది. మళ్లీ కొట్టాడు. తగిలింది.

"అన్నా" అన్నాడు. పోయి మళ్లీ నిమ్మకాయ తెచ్చుకున్నాడు.

గార్డు ఈల వేశాడు. కర్ర లాక్కున్నాను.

"ఈ కర్ర నాకిస్తావా?"

"ఇవ్వను. కమ్మరి దగ్గరికి పోయి నీది నువ్వు చేయించుకో. వచ్చే ఏడు ఇంకొక గ్రౌండుకి మార్కరువి కావా ఏంది?"

రైలెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. కదిలింది. చూస్తే వాడు ఎవరిదో గొడుగు అడిగి తీసుకుని, తిరగేసి పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి కొడుతున్నాడు. నిమ్మకాయ తిన్నగా పోతోంది. అప్పుడు చూసుకున్నాను, నా చెప్పు అక్కడే ఉంది.

పిలవలేదు. పడుతున్నప్పుడు మనిషిని పిలవకూడదు.